వరుసకు ఆరు కుట్లు

ఫ్యాక్టరీలో అసలు క్రోషే అల్లి పెట్టే యంత్రం ఇంతవరకూ రాలేదు. స్వెటర్లు అల్లే యంత్రాలున్నాయి. లేసు నేసే యంత్రాలు రెండు వందల ఏళ్లుగా నడుస్తున్నాయి. కార్చోబ్ చట్రం మీద చేత్తో కుట్టే జర్దోజీకి పోటీగా కంప్యూటర్ మిషన్లు వచ్చి కూడా చాలాకాలమైంది. క్రోషేకు మాత్రం రాలేదు. ఫ్యాక్టరీల్లో ‘క్రోషే మిషన్’ అని పిలిచేది నిలువు దారాలతో అల్లే వేరే జాతి యంత్రం. దాని బట్ట చూపుకు క్రోషేలా ఉంటుంది, విప్పి చూస్తే కాదు. అసలు క్రోషేలో ఒక కుట్టు పూర్తిగా మూసుకున్నాకే తర్వాతి కుట్టు మొదలవుతుంది. కొక్కెం ఎక్కడ దూరాలి, దారం దాని మీద ఎన్ని చుట్లు తిరగాలి, ఎంత బిగువున లాగాలి అనేది ప్రతి కుట్టు దగ్గరా వేళ్లే తేల్చుకోవాలి.

“అందుకే బజార్ల రెండు వందలకు క్రోషే జాకెట్ దొరికితే సంబరపడొద్దమ్మా. బట్ట అగ్గువ కాలేదు. ఎవరో ఒకామె రోజు అగ్గువైంది” అన్నారు ఆపా.

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మొదటి అంతస్తులో ఒక గది అది. ఆపా అని అక్కడ అందరూ పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. పేరు, ఇంటి గుర్తు రాయొద్దని ముందే మాట తీసుకున్నారు. క్రోషే అల్లడం, నేర్పడం, కొత్త నమూనాలు గీసి అమ్మడం ఆమె వృత్తి. అల్లికతో సంసారానికి చేదోడుగా నాలుగు రూపాయలు తెచ్చుకునే ఆడవాళ్లను మనం చాలామందినే చూశాం. అల్లికను వృత్తి అని నోరారా చెప్పుకుని, దానికి తగ్గ లెక్కలు రాసుకునే మనిషిని చూడాలని వెళ్లాను.

కాచిగూడలో ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ ఎక్కితే మలక్‌పేట, దబీర్‌పురా, ఆ తర్వాత యాకుత్‌పురా. హైదరాబాద్ కోటగోడకు ఉండిన 13 దర్వాజాల్లో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. ఇప్పుడు గోడా లేదు, ఆ దర్వాజా లేదు. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే మిగిలాయి. స్టేషన్ దిగి రైన్‌బజార్ వైపు నడుస్తుంటే బయట కనిపించేది మగవాళ్ల పని: వెల్డింగ్ కొట్లు, ఫర్నిచర్ పాలిష్, కోడికూర దుకాణాలు. ఆడవాళ్ల పని పరదాల వెనక ఉంటుంది. జర్దోజీ, లక్క గాజులకు రాళ్లు అతకడం, అగరువత్తులు చుట్టడం, చీరలకు ఫాల్ కుట్టడం, అన్నీ ముక్కకింత అని లెక్క. లాడ్‌బజార్‌లో మెరిసే గాజుల జతలో ఎన్ని రాళ్లు ఇలాంటి గదుల్లో అతుక్కున్నాయో కొనేవాళ్లకు తట్టదు.

ఆపా గదిలో గోడ పొడవునా ఒక తఖ్తు, కింద చాపలు, ఒక తెల్లబోర్డు, అద్దాల బీరువా. మంచినీళ్ల గ్లాసు మీద వేసే సర్‌పోష్‌లు, అంచున పూసలు కట్టినవి, పైవరుసలో ఉన్నాయి. కింద పళ్లెం మీద కప్పే ఖాన్‌పోష్‌లు, ఖురాన్ దాచుకునే జుజ్‌దాన్ సంచులు, తెల్లటి జాలీ టోపీలు. పాతబస్తీ ఇళ్లలో పెళ్లికూతురి సామానులో ఇవన్నీ ఉండేవి. అమ్మమ్మలు అల్లి, మడిచి, కర్పూరం ఉండలు వేసి దాచిపెట్టేవారట. దిగువ అరలో వేరే లోకం: చంటిపిల్లల మేజోళ్లు, జపాన్ పద్ధతిలో దూది కూరిన చిన్న బొమ్మలు, భుజానికి వేసుకునే సంచులు, పొద్దుతిరుగుడు పూలు. ఆ పై అరల నుంచి ఈ దిగువ అరకు రావడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది.

మొదట టోపీలే. ఒక వ్యాపారి మనిషి దారం తూకమేసి ఇచ్చేవాడు, అల్లిన టోపీలు లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. దారం తక్కువైతే కోత, మరకైతే కోత. రంజాన్ ముందు రాత్రిళ్లు కూడా అల్లేవారు, మిగతా నెలల్లో పని ఉండేది కాదు. తర్వాత తనే దారం కొని, పెళ్లిళ్లకు జుజ్‌దాన్‌లు, సర్‌పోష్‌లు చేసిచ్చారు. డబ్బు కాస్త పెరిగింది, గంటలు మాత్రం అవే. “చేతులు రెండే కదమ్మా. రేటు పెంచితే గిరాకీ పోతది, పెంచకుంటే కళ్లు పోతయి” అన్నారు. ఇరుగుపొరుగు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక మొదటిసారి, తను అల్లని గంటకు కూడా డబ్బు వచ్చింది. నమూనాలు రాయడం ఆ తర్వాతి మాట.

నేను వెళ్లిన పూట పాఠం టోపీ గురించే. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు పెళ్లయిన ఆడవాళ్లు ఉన్నారు. మాదన్నపేట నుంచి వచ్చే తెలుగు పిల్ల ఒకతి ఉంది కాబట్టి ఆపా ఉర్దూలో సగం, తెలుగులో సగం చెబుతున్నారు. బోర్డు మధ్యలో ఒక చుక్క పెట్టి, చుట్టూ వలయాలు గీశారు.

నాకు ఆ పాఠం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. సింగిల్ క్రోషే కుట్టుకు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. చక్రానికి ఒక వరుస చేరిందంటే అన్ని వైపులా ఒక కుట్టు ఎత్తు పెరిగినట్టు. అప్పుడు చుట్టుకొలత ఆ ఎత్తుకు 6.28 రెట్లు పెరుగుతుంది, అంటే ఆరు కుట్లకు చోటు. కాబట్టి 6 కుట్లతో మొదలుపెట్టి 12, 18, 24, 30 అని వరుసకు ఆరు పెంచుకుంటూ పోతే చక్రం బల్లపరుపుగా పరుచుకుంటుంది. డబుల్ క్రోషే దాదాపు రెట్టింపు ఎత్తు, అక్కడ వరుసకు పన్నెండు పెంచాలి. ఆరు అనే అంకెను తరతరాల ఆడవాళ్లు చేత్తో కనుక్కున్నారు. దాని వెనక ‘పై’ ఉందని బడిలో ఎవరూ వాళ్లకు చెప్పలేదు, లెక్కల మాస్టార్లు క్రోషే వైపు చూడలేదు.

ఇప్పుడు టోపీ. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లనుకుందాం. దాన్ని 3.14తో భాగిస్తే 17.8. నడినెత్తి చక్రం అడ్డుకొలత అంతకు వచ్చేదాకా ఆరేసి పెంచాలి. అక్కడ పెంచడం ఆపేసి, ఉన్న కుట్ల మీదే వరుసలు తిప్పితే అల్లిక దానంతటదే కిందికి తిరిగి గోడ కడుతుంది. నూలు కాస్త సాగుతుంది కాబట్టి అర సెంటీమీటరు ముందే ఆపితే తలకు పట్టి కూర్చుంటుంది. ఆపా ఈ లెక్క వేయించి, అక్కడున్న ప్రతి ఒక్కరితో వేరే వేరే తలకు టోపీ కొలతలు రాయించారు: తండ్రికి, తమ్ముడికి, ఏడాది పిల్లాడికి. పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు మానేసిన అమ్మాయి ఒకతి అందరికంటే ముందు చెప్పింది.

“ఎక్కువ పెంచితే ఏమైతది ఆపా?” అని అడిగింది మాదన్నపేట పిల్ల.

ఆపా బీరువాలోంచి కుచ్చుల అంచున్న పాత సర్‌పోష్ తీశారు. అంచు అలలుగా లేచి నిలబడింది. పెంచాల్సిన దానికంటే ఎక్కువ కుట్లు వేస్తే చోటు చాలక అల్లిక ఇలా ముడుతలు పడుతుంది. ఆ ముడుతల గురించి నాకు తెలిసిన కథ అక్కడ చెప్పాను. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమిన్యా అనే లాత్వియా గణితవేత్త, ఇలా ముడుతలతో విస్తరించే హైపర్‌బోలిక్ తలాన్ని విద్యార్థుల చేతికి ఎలా ఇవ్వాలా అని ఆలోచించారు. కాగితంతో చేసిన నమూనాలు నలిగి చిరిగిపోయేవి. ఆమె కొక్కెం తీసుకుని, ప్రతి వరుసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ అల్లారు. గణిత గ్రంథాల్లో వందేళ్లకు పైగా ఎక్కువగా బొమ్మల్లోనే ఉన్న ఆకారం పిల్లలు పట్టుకుని మడిచి చూసే వస్తువైంది. 2005లో లాస్ ఏంజెలెస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వర్థ్‌హైమ్ అనే అక్కచెల్లెళ్లు అదే సూత్రంతో పగడపు దిబ్బను అల్లడం మొదలుపెట్టారు. సముద్రంలో పగడాలు, పాచి మొక్కలు పెరిగే తీరు కూడా ఈ ముడుతల తీరే. తర్వాత ఎన్నో దేశాల ఆడవాళ్లు తమ ఊరి దిబ్బలను తామే అల్లుకున్నారు, ప్రదర్శనశాలల్లో పెట్టారు.

ఆపా ఆ సర్‌పోష్‌ను వేళ్లతో సవరిస్తూ విన్నారు. “ఇది మా నానీ చేసింది. తప్పుగా చేసిందని అనుకునేదాన్ని చిన్నప్పుడు” అన్నారు.

నర్సాపురం గురించి ఆ గదిలో నేనే ఎత్తాను, ఎందుకంటే మన రాష్ట్రాల్లో క్రోషే అంటే ముందు చెప్పాల్సిన పేరు అదే. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఆ పట్నం, చుట్టూ పాలకొల్లు, మొగల్తూరు, అటు కోనసీమ పల్లెలు. అరుగు మీద, గుమ్మంలో, కొబ్బరిచెట్ల నీడన కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లు ఆ దారి పొడవునా కనిపిస్తారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన విద్య అది. టేబుల్ గుడ్డలు, దుప్పట్లు, కుషన్ గలీబులు, డాయిలీలు అక్కడి నుంచి యూరప్‌కూ, అమెరికాకూ వెళ్లాయి. కరువుల్లో, ధరలు పడిపోయిన కాలాల్లో వేల ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసిన పని.

ఆ పని గురించి ప్రపంచమంతా చదివిన పుస్తకం ఒక జర్మన్ సమాజశాస్త్రవేత్త రాశారు. మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో ఉండి పరిశోధించి, 1982లో అచ్చువేసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. ఆమె చూపించింది ఇదీ: లేసు ఎగుమతి లక్షలు తెస్తోంది, ఆ వ్యాపారం మగవాళ్ల చేతిలో ఉంది. అల్లే ఆడవాళ్లను మాత్రం కార్మికులని ఎవరూ అనడం లేదు. తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులు అంటున్నారు. ఆ మాట చాటున, పొలం కూలి కంటే తక్కువ కూలే వాళ్ల చేతికొస్తోంది. గోషా పాటించే కులాల ఆడవాళ్లకు ఇంట్లో కూర్చుని చేసే పని గౌరవంగా తోచింది. పొలానికి వెళ్లే దళిత మహిళ దినానికి వాళ్లకంటే ఎక్కువే తెచ్చుకునేది. పని ముక్కలై ఉండేది. ఒకామె చేతిపని చేస్తుంది, పువ్వులు అల్లుతుంది. ఇంకొకామె అతుకుపని చేస్తుంది, వాటిని కలుపుతుంది. పువ్వు అల్లిన మనిషి ఆ పువ్వు ఎందులో కలిసిందో చూడకుండానే ముసలిదవుతుంది.

ఇది నేను చెబుతుంటే గదిలో పెళ్లయిన ఇద్దరూ తలెత్తారు. పరదా వెనక కూర్చుని ముక్కకింత అని పని చేసినవాళ్లకు ఇందులో వివరించాల్సింది ఏమీ లేదు.

ఐర్లండ్‌లో కూడా అంతే. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో క్రోషే అక్కడి పేద ఇళ్లకు ఆసరా అయింది. కాన్వెంట్లలో నేర్పారు, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రకం పువ్వు అల్లారు, ఎవరో తీసుకెళ్లి అతికి అమ్మారు. అయితే ఒక తేడా ఉంది. తమ ఇంటి పువ్వు ఎలా అల్లాలో పక్కింటికి చెప్పని కుటుంబాలు ఉండేవి. నమూనా తమ ఆస్తి అని వాళ్లకు తెలుసు. అదే కాలంలో లండన్‌లో ఎలియనోర్ రియేగో ద లా బ్రాంషార్దియేర్ అనే యువతి క్రోషే నమూనాలు గీసి, ఎలా అల్లాలో రాసి, 1840ల నుంచి పుస్తకాల మీద పుస్తకాలు అచ్చువేసింది, పాఠాలు చెప్పింది. ఆమె అల్లిన ముక్కల కంటే ఆమె రాసిన నమూనాలే ఎక్కువ దూరం వెళ్లాయి. క్రోషే మీద బతకడానికి అల్లడం ఒక్కటే దారి కాదని మొదట చూపించినవాళ్లలో ఆమె ఒకరు. నర్సాపురం వేల చేతులను తయారుచేసింది, అలాంటి ఒక్క పేరును బయటికి రానివ్వలేదు. చేతుల్లో లోపమేమీ లేదు. నమూనా ఎప్పుడూ కొనుగోలుదారు దగ్గర నుంచి వచ్చేది, తిరిగి అక్కడికే పోయేది.

2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలా సంతోషించాల్సిన విషయమే. వేరే దేశపు సరుకు ఆ ఊరి పేరు పెట్టుకుని మన దేశంలో అమ్ముడవడానికి చట్టం ఇక ఒప్పుకోదు. కానీ ఆ గుర్తింపు ఇచ్చే 1999 నాటి చట్టం ఊరి పేరును కాపాడుతుంది. ఆ ఊళ్లో ఒకామె రాత్రి కూర్చుని కనిపెట్టిన కొత్త పువ్వును కాపాడదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా నమోదు చేసుకోవాలి. అప్పుడు పదేళ్లు, పొడిగించుకుంటే ఇంకో ఐదేళ్లు హక్కు ఉంటుంది. రాసిన నమూనాకు, గీసిన పటానికి కాపీరైటు రాసిన రోజు నుంచే ఉంటుంది. ఈ సంగతి ఎక్కడా ఏ క్రోషే తరగతిలోనూ చెప్పగా నేను వినలేదు, ఈ గదిలో తప్ప. ఆపా ప్రతి పటం అడుగున గీసినవాళ్ల పేరు, తేదీ రాయిస్తారు. “పేరు రాయని కాగితం బయటికి పోవద్దు” అనేది ఆ గది కట్టడి.

ఇక నమూనా రాయడం. అల్లడం వచ్చిన మనిషికి రాయడం రావాలని లేదు. ఆపా మొదట రాసిన నమూనా ఒక చంటిపిల్లల మేజోడు. దాన్ని విదేశాల్లో ఉన్న ఒకరిద్దరు కొన్నారు, అల్లి చూశారు, పెద్దాళ్ల పాదమంత వచ్చిందని రాశారు. తప్పు కుట్ల పేర్లలో ఉంది. బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషే అనేదాన్ని అమెరికన్లు సింగిల్ క్రోషే అంటారు. బ్రిటిష్ ట్రెబుల్ అమెరికాలో డబుల్. మన దేశంలో పాత పుస్తకాలు, కాన్వెంట్‌లో నేర్చుకున్న అమ్మమ్మలు బ్రిటిష్ పేర్లు చెబుతారు. ఫోనులో చూసి నేర్చుకున్న పిల్లలకు అమెరికా పేర్లే తెలుసు. ఒకే గదిలో రెండు తరాలు ఒకే మాటతో రెండు కుట్లు వేస్తాయి. అందుకే ఏ పేర్లు వాడారో మొదటి పంక్తిలో రాయాలి. ఇంకా మంచిది, మాటలు వదిలి గుర్తులతో పటం గీయడం: గొలుసుకు సన్నటి గుడ్డు ఆకారం, సింగిల్‌కు కూడిక గుర్తు, డబుల్‌కు మెడ మీద గీత ఉన్న ఇంగ్లిష్ T. జపాన్ పుస్తకాలు ఇలాగే ఉంటాయి, జపనీస్ ఒక్క ముక్క రాకుండానే వాటిని చూసి అల్లుకోవచ్చు. తెలుగు, ఉర్దూ తప్ప మరో భాష రాని అమ్మాయికి ఈ పటం పాస్‌పోర్ట్ లాంటిది.

పటం తర్వాత కొలత ముక్క. 10 సెంటీమీటర్ల చదరంలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో అల్లి చూసి రాయాలి. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది, అదే దారం, అదే కొక్కెంతో రెండు సైజుల తేడా వస్తుంది. తర్వాత పరీక్ష. నమూనా గీసిన మనిషి నోరు మెదపకూడదు. వేరే ఇద్దరు కాగితం మాత్రమే చూసి అల్లాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ కాగితం తప్పు, వాళ్ల తప్పు కాదు. ఆ పూట ఒకామె గీసిన సంచి నమూనా తొమ్మిదో వరుసలో ఆగింది. ఆమె చెప్పబోయింది, ఆపా వేలు పెదవుల మీద పెట్టి ఆపారు. ఆమె కాగితం తీసుకుని ఆ పంక్తి కొట్టేసి మళ్లీ రాసింది, మళ్లీ ఇచ్చింది, ఈసారి వాళ్ల చేతులు ఆగలేదు. చదువు రాదని తనను తాను అనుకునే మనిషి అంత ఖచ్చితంగా వాక్యం రాయడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

నేర్పడమూ అంతే, అది వేరే విద్య. చేసి చూపిస్తే సగం మందికే వస్తుంది. చెయ్యి ఏం చేస్తోందో నోటితో చెప్పగలగాలి. కొక్కెం కొందరు పెన్సిల్‌లా పట్టుకుంటారు, కొందరు కత్తిలా. ఏదీ తప్పు కాదు, మార్చాలని చూస్తే పిల్ల మానేస్తుంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లను పక్కన కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి, అద్దంలో చూసినట్టు అందుకుంటారు. మొదటి వారం సన్న దారం, ఉక్కు కొక్కెం ఇవ్వకూడదు. కాస్త లావు ఉన్ని దారం, 4 మిల్లీమీటర్ల అల్యూమినియం కొక్కెం, లేత రంగు. నల్లదారంలో కుట్టు కనబడదు. విప్పడాన్ని శిక్షలా చేయకూడదు. క్రోషేలో ఒక్క కన్నే కొక్కెం మీద ఉంటుంది కాబట్టి ఎంత దూరమైనా విప్పి, అక్కడి నుంచి మళ్లీ అందుకోవచ్చు, నిటింగ్‌లోలా కన్నులు జారిపోతాయని భయం లేదు. ఈ విషయం మొదటి రోజే చెబితే పిల్లల భుజాలు సడలుతాయి అంటారు ఆపా.

అమెరికాలో క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ అనే సంస్థ క్రోషే నేర్పేవాళ్లకు కూడా శిక్షణ పెట్టి పట్టా ఇస్తూ వచ్చింది. మన దగ్గర శిక్షణ అంటే కుట్లు నేర్పి, ఫోటో తీసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టడం దాకా. ధర కట్టడం, నమూనా రాయడం, మరొకరికి నేర్పడం ఆ పాఠంలో ఉండవు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాళ్లు ఉన్నారు, క్రోషే లేదు. జౌళిశాఖ హస్తకళల విభాగం ఇచ్చే ‘పహచాన్’ గుర్తింపు కార్డు ఉంది. అది చేయించుకుంటే ప్రదర్శనల్లో స్టాలు అడగడానికి పనికొస్తుందని ఆపా తన దగ్గరికొచ్చే అందరికీ చెబుతారు.

పాఠం చివర బోర్డు తుడిచి ధర లెక్క రాయించారు. ఒక భుజం సంచి: దారం 280 రూపాయలు. లోపలి అస్తరు, పిడి 120. పని 11 గంటలు, గంటకు 90 చొప్పున 990. ఇప్పటికి 1390. నమూనా గీసి, విప్పి, మళ్లీ అల్లి తేల్చడానికి పట్టిన 30 గంటలకు 2700. దాన్ని 20 సంచుల మీద పంచితే ఒక్కోదానికి 135. మొత్తం 1525.

“రైన్‌బజార్ల ఎవరు కొంటరు ఆపా పదిహేను వందలకు?” అంది ఒకామె, కాస్త కోపంగానే.

“ఎవరూ కొనరు” అన్నారు ఆపా.

నాకు ఆ జవాబు నచ్చింది, ఎందుకంటే ఆమె మెత్తగా చెప్పడానికి ప్రయత్నించలేదు. యంత్రం చేయలేని పని కాబట్టి విలువ ఎక్కువ ఉండాలి. కానీ బజారులో పక్కనున్న యంత్రపు సంచి ధరే దీని ధరను కిందికి లాగుతుంది. గంటలు తగ్గించుకోవడానికి దారి లేదు. అప్పుడు మిగిలిన ఒకే కోత, గంట ధరలో కోత. నర్సాపురంలో వందేళ్లకు పైగా అదే జరిగింది. ఆపా లెక్క వేరు: సంచి ఒకటో రెండో అల్లి చూపించడానికి ఉంచాలి. అల్లిన సంచి ఒక్కసారే అమ్ముడవుతుంది, రాసిన నమూనా ఎంతమందికైనా అమ్ముడవుతుంది. ఒక నమూనా నాలుగైదు డాలర్లు, కొనేవాళ్లు తమ దారంతో తాము అల్లుకుంటారు. బంజారాహిల్స్ వైపు ఆదివారం పూట నేర్చుకోవడానికి వచ్చే ఉద్యోగినులు మూడు గంటల పాఠానికి సంచి ధరలో సగం పైనే ఇస్తారు, సంతోషంగా. మరి అల్లి అమ్మడం? చిన్నవి, త్వరగా అయ్యేవి, లేదా పెళ్లి జుజ్‌దాన్ లాగా బేరం ఆడకుండా కొనేవి మాత్రమే.

ఈ దారి అందరికీ కాదని నాకు తెలుసు. స్మార్ట్‌ఫోను సొంతంగా లేని ఆడవాళ్లు ఉన్నారు, బ్యాంకు ఖాతా భర్త చేతిలో ఉన్నవాళ్లు ఉన్నారు, బంజారాహిల్స్ దాకా ఒంటరిగా పంపని ఇళ్లు ఉన్నాయి. ఆపాకు కూడా ఇవన్నీ ఒక్కసారి దొరకలేదు. ఆమె మొదటి పాఠాలు ఈ గదిలోనే, ఈ చాప మీదే, పక్కింటి పిల్లలతో. అయినా పేరు రాయించడం, గంటలు రాయించడం, నమూనా పరీక్ష చేయించడం, వీటికి ఇల్లు దాటక్కర్లేదు. నర్సాపురం లేసు పార్కులో, ప్రతి శిక్షణ కేంద్రంలో, ఇవి మొదటి నెలలోనే మొదలుపెట్టాలని నా కోరిక. అంత పనితనం ఉన్న ఆడవాళ్లు, తాము అల్లుతున్న పువ్వు ఎవరు గీశారో తెలియకుండా ఇంకో తరం గడపడం అన్యాయం.

నేను లేవబోతుండగా ఫోను మోగింది. ఒక దుకాణదారు. పదో తరగతి తప్పిన ఆ అమ్మాయి గీసిన కొత్త టోపీ, నడినెత్తిన ఎనిమిది రేకుల జాలీ ఉన్నది, అతనికి నచ్చింది. ఆపా మాట్లాడలేదు, ఫోను అమ్మాయి చేతికిచ్చి స్పీకరు నొక్కారు.

నలభై టోపీలు కావాలన్నాడు. ఆ పిల్ల ధర చెప్పింది. గొంతు మొదట వణికింది. అతను తగ్గించమన్నాడు. నలభైకి కాదు, అరవై తీసుకుంటే కొంత తగ్గిస్తానంది. అరవై అమ్ముకోలేనన్నాడు. అయితే అదే ధరంది. సరే, కాగితం కూడా పంపు, పని ఎక్కువైతే మా దగ్గరవాళ్లతో చేయించుకుంటా అన్నాడు.

“టోపీలు మేం ఇస్తం భయ్యా. కాగితం కావాలంటే దాని ధర వేరే” అంది.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, కాగితం వద్దు, రంజాన్‌కు నెలరోజుల ముందు సరుకు అందాలి అన్నాడు. సగం డబ్బు ముందు పంపితేనే దారం కొంటామని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. బోర్డు దగ్గరికి వెళ్లి సంచి లెక్క తుడిచి రాసింది: నలభై టోపీలు, ఒక్కోటి ఐదు గంటలు, రెండు వందల గంటలు. ముగ్గురు కూర్చోవాలి.